విడిపోయేటప్పుడు ఇద్దరూ ఒప్పుకున్నవి కోర్టు ఆర్డర్‌లోకి ఎక్కాలంటే? పాఠకుల ప్రశ్నలు, లాయర్ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు కొట్లాట కేసులు కావు. విడిపోదామని ఇద్దరూ అనుకున్నారు, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో, డబ్బు ఎంతో కూడా మాట్లాడుకున్నారు, కానీ ఆ మాటలు ఎక్కడ రాయాలి, ఎవరి ముందు పెట్టాలి అన్నదగ్గర ఆగిపోయారు. అందుకే ఈ శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. ఉత్తరాల్లో పేర్లు, ఊర్లు తీసేశాను.

ప్రశ్న: మేడమ్ నమస్తే. మా పెళ్లయి తొమ్మిదేళ్లు, రెండేళ్లుగా విడిగా ఉంటున్నాం. రెండు వైపుల పెద్దలు కూర్చుని స్టాంపు పేపర్ మీద రాయించారు, బాబు నా దగ్గర ఉండాలి, ఆయన నెలనెలా బాబు ఖర్చులకి డబ్బు పంపాలి, అప్పుడప్పుడు వచ్చి చూసుకోవచ్చు అని. సంతకాలు పెట్టాం, నోటరీ కూడా చేయించాం. కొన్నాళ్లు బాగానే పంపారు, ఇప్పుడు ఆపేశారు, అడిగితే ఆ కాగితం పట్టుకుని ఎక్కడికి పోతావో పో అంటున్నారు. పైగా ఆ కాగితంతోనే విడాకులు అయిపోయాయి అని చెప్పి మా అత్తగారు ఆయనకి సంబంధాలు చూస్తున్నారట. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు నీ భయం తీరేలా ఒక మాట, ఆ కాగితంతో విడాకులు అవ్వలేదు. హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లి కోర్టు డిక్రీతోనే రద్దవుతుంది, పెద్దమనుషుల సంతకాలతోనో నోటరీ ముద్రతోనో కాదు. కొన్ని కులాల్లో ఆచారం ప్రకారం విడిపోయే పద్ధతి ఉందని చట్టమే ఒప్పుకుంటుంది గానీ ఆ ఆచారం నిజంగా ఉందని, చాలాకాలంగా నడుస్తోందని కోర్టులో సాక్ష్యాలతో రుజువు చేసుకోవాలి, మా వాళ్లలో ఇంతే అని నోటితో అంటే సరిపోదు. కాబట్టి ఆయన ఇప్పుడు ఇంకో పెళ్లి చేసుకుంటే అది చెల్లదు, నేరం కూడా, భారతీయ న్యాయ సంహితలో 82వ సెక్షన్, పాత ఐపీసీలో 494 ఉండేదే, ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. ఈ విషయం మీ అత్తగారి వైపు పెద్దల్లో ఎవరో ఒకరికి నిదానంగా తెలిసేలా చెయ్యి, చాలాసార్లు వాళ్లకి నిజంగానే తెలియదు.

అలాగని ఆ స్టాంపు పేపర్ పారేయొద్దు. మీరు ఏ తేదీ నుంచి విడిగా ఉంటున్నారో, బాబు ఎవరి దగ్గర ఉన్నాడో, ఎంత ఇస్తానని ఆయనే ఒప్పుకున్నారో అన్నీ అందులో ఉన్నాయి, ఆయన డబ్బు పంపిన నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ దానికి జత చేస్తే రేపు కోర్టులో బాగా పనికొచ్చే సాక్ష్యం అవుతుంది. దానితో వచ్చిన ఇబ్బంది ఒక్కటే, అది ఇద్దరి మధ్య ఒప్పందమే తప్ప కోర్టు ఆర్డర్ కాదు, అందుకే ఆయన ఆపేయగానే నీ చేతిలో ఏమీ లేకుండా పోయింది.

ఇప్పుడు రెండు దారులున్నాయి. ఆయన విడాకులకి ఇంకా సుముఖంగానే ఉంటే ఇద్దరూ కలిసి ఫ్యామిలీ కోర్టులో హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద పరస్పర అంగీకార పిటిషన్ వేయడం, అందులోనే బాబు కస్టడీ, ఖర్చులు, రాకపోకలు అన్నీ రాసి వాటితో కలిపి డిక్రీ ఇవ్వమని అడగడం. సంబంధాలు చూస్తున్నారంటే ఆయనకీ చట్టప్రకారం విడాకులు అవసరమే కదా, కాబట్టి ఇప్పుడు మాట్లాడితే వినే అవకాశం ఎక్కువ. ఆయన కలిసి రాకపోతే మాత్రం ఎదురుచూడొద్దు, నీకూ బాబుకీ కలిపి మెయింటెనెన్స్ పిటిషన్ వేసెయ్, అందరూ 125 కేసు అనేది అదే, పాత సీఆర్‌పీసీలో 125వ సెక్షన్, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్)లో 144వ సెక్షన్ అయింది. ఆ కేసులో కౌన్సెలింగ్ దగ్గరో లోక్ అదాలత్‌లోనో ఆయన రాజీకి వస్తే ఆ రాజీనే ఆర్డర్‌గా రికార్డు చేస్తారు, లోక్ అదాలత్ అవార్డుకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దాని మీద అప్పీలు కూడా ఉండదు. అప్పుడు ఆయన ఒక నెల ఆపినా నువ్వు అదే కోర్టుకి వెళ్లి వసూలు పిటిషన్ వేయొచ్చు, జీతం నుంచి కట్ చేయించమని అడగొచ్చు.

లాయర్ ఫీజు ఎక్కడినుంచి తేవాలి అనుకుంటున్నావేమో, మహిళలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టంలో ఉంది, జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, లేదంటే 15100కి ఫోన్ చెయ్యి. ఉచితం కదా సరిగ్గా చూడరేమో అని ఆగిపోకు, అక్కడ ప్యానెల్‌లో ఉండేవాళ్లూ కోర్టులో రోజూ వాదించే లాయర్లే.

ఇంకో విషయం, ఇది నీకే కాదు ఈ శీర్షిక చదివే అందరికీ చెప్తున్నా. ఈసారి రాసేటప్పుడు "అప్పుడప్పుడు వచ్చి చూసుకోవచ్చు" లాంటి మాటలు రానివ్వకు. అప్పుడప్పుడు అంటే ఆయన లెక్కలో వారం వారం, నీ లెక్కలో పండక్కి ఒకసారి, గొడవ అక్కడే పుడుతుంది. ఎలా రాయాలంటే, ప్రతి నెలా రెండో శనివారం, నాలుగో శనివారం పొద్దున 10 గంటలకి తండ్రి ఇంటికి వచ్చి తీసుకెళ్లాలి, ఆదివారం సాయంత్రం 5 గంటలకి తనే తెచ్చి దింపాలి, వేసవి సెలవుల్లో మొదటి సగం తల్లి దగ్గర రెండో సగం తండ్రి దగ్గర, పండగలు ఒక ఏడాది ఒకరి దగ్గర మరుసటి ఏడాది ఇంకొకరి దగ్గర, వారంలో ఫలానా రోజుల్లో రాత్రి 7 నుంచి 7:30 వరకు వీడియో కాల్. బాబుకి జ్వరం వచ్చి పంపలేకపోతే ఆ శనివారం బదులు వచ్చే శనివారం అని కూడా రాయాలి. డబ్బు దగ్గర కూడా అంతే, నెలకి ఎంత, ఏ తేదీలోపు, ఏ అకౌంట్‌కి, ఏటా ఎంత శాతం పెరగాలి, స్కూలు ఫీజు ఇందులోనేనా విడిగానా, విడిగా అయితే నేరుగా స్కూలుకే కట్టాలా, హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరి పాలసీలో ఉండాలి, చదువు ఎక్కడిదాకా. పాస్‌పోర్టుకి సంతకం, స్కూలు మార్పు, ఆపరేషన్ లాంటివి వస్తే ఎవరి అనుమతి కావాలో కూడా. చదవడానికి విసుగ్గానే ఉంటుంది, కానీ ఇవన్నీ ఇప్పుడు ఒక పూట కూర్చుని రాసుకోకపోతే తర్వాత ఒక్కోదానికీ ఒక్కో వాయిదా తిరగాలి.

ప్రశ్న: మేడమ్, నేనూ నా భార్యా గొడవల్లేకుండా విడిపోవాలని నిర్ణయించుకున్నాం. పిల్లలు లేరు. రెండేళ్ల పైనే అయింది విడిగా ఉండి. లాయర్ గారు ఆరు నెలల టైం పడుతుంది అంటున్నారు, నెట్‌లో చూస్తే వెంటనే ఇచ్చేస్తున్నారు అని ఉంది. ఏది నిజం? కోర్టులో అసలు ఏం అడుగుతారు, నాకు కోర్టు మెట్లు ఎక్కడమే మొదటిసారి.

జవాబు: తమ్ముడూ, రెండూ నిజమే. చట్టంలో ఉన్నది ఏంటంటే, పిటిషన్ వేసే నాటికి ఏడాదో అంతకంటే ఎక్కువో విడిగా ఉండాలి, కలిసి ఉండలేమని ఇద్దరూ ఒప్పుకోవాలి, పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగి, పద్దెనిమిది నెలల్లోపు మళ్లీ ఇద్దరూ వచ్చి అవును మా నిర్ణయం అదే అని చెప్పాలి. మొదటిదాన్ని ఫస్ట్ మోషన్, రెండోదాన్ని సెకండ్ మోషన్ అంటాం. ఆ ఆరు నెలలు ఎందుకు పెట్టారంటే కోపంలో తీసుకున్న నిర్ణయమైతే మనసు మారడానికి టైం ఇవ్వాలని.

2017 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఆ ఆరు నెలలు తప్పనిసరి నియమం కాదు, ఫ్యామిలీ కోర్టు తన విచక్షణతో మాఫీ చేయొచ్చు అని చెప్పింది. కానీ ఊరికే కాదు. ఫస్ట్ మోషన్‌కి ముందే ఏడాదీ ఆరు నెలలూ కలిపి ఏడాదిన్నర విడిగా ఉన్నారా, మీడియేషన్ లాంటి రాజీ ప్రయత్నాలు జరిగి ఫలించలేదా, భరణం, పిల్లలు, ఇతర లెక్కలు నిజంగా తేలిపోయాయా, ఇంకా ఆపితే ఇద్దరికీ బాధ పెరగడం తప్ప లాభం లేదా, ఇవి చూస్తారు. మీకు రెండేళ్లు దాటింది కాబట్టి అడగొచ్చు. ఫస్ట్ మోషన్ అయిన వారం తర్వాత ఆరు నెలలు మాఫీ చేయమని ఒక ఐఏ, అంటే ఇంకో చిన్న పిటిషన్, వేయాలి, ఇవ్వడం ఇవ్వకపోవడం జడ్జిగారి ఇష్టం. నెట్‌లో ఇంకో తీర్పు కూడా తిరుగుతుంటుంది, 2023 మేలో అయిదుగురు జడ్జిల బెంచ్ ఇచ్చింది, దాన్ని చూసి చాలామంది పొరపడుతున్నారు. అందులో చెప్పింది సుప్రీంకోర్టుకి రాజ్యాంగం 142 ఆర్టికల్ కింద ఉన్న ప్రత్యేక అధికారం గురించి, ఆ అధికారం ఫ్యామిలీ కోర్టుకి లేదు.

ఇక ఆరోజు ఏం జరుగుతుందంటే. పిటిషన్‌లో మీరు ఫస్ట్ పిటిషనర్, ఆవిడ సెకండ్ పిటిషనర్ అవుతారు, ఇందులో ప్రతివాది అంటూ ఎవరూ ఉండరు. పెళ్లి కార్డు, పెళ్లి ఫోటో, మ్యారేజ్ సర్టిఫికెట్ ఉంటే అది, ఇద్దరి ఆధార్ పెట్టుకోండి, ఒరిజినల్స్ కూడా దగ్గర ఉంచుకోండి. వాయిదా రోజు బెంచ్ క్లర్క్ పేర్లు పిలుస్తారు, ఆ పిలుపు ఏ టైంకి వస్తుందో చెప్పలేం కాబట్టి ఆ పూటకి సెలవు పెట్టుకునే రండి. మొదట కౌన్సెలర్ దగ్గరికో మీడియేషన్‌కో పంపిస్తారు, రాజీకి ప్రయత్నించాల్సిన బాధ్యతని 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టమే కోర్టు మీద పెట్టింది, దాన్ని తంతు అనుకోకుండా అడిగినవాటికి నిజాయితీగా జవాబు చెప్పండి. తర్వాత ఇద్దరి అఫిడవిట్లు, డాక్యుమెంట్లు మార్క్ చేయడం అయ్యాక జడ్జిగారు మిమ్మల్ని అడిగే ముఖ్యమైన ప్రశ్న ఒక్కటే, మీ అంతట మీరే వచ్చారా, ఎవరైనా ఒత్తిడి పెట్టారా అని. లాయర్ చెప్పిపెట్టిన మాటలు అప్పజెప్పక్కర్లేదు, ఉన్నది చెప్పండి, తెలుగులోనే చెప్పండి. ఇద్దరిలో ఎవరు కోరినా విచారణ తలుపులు మూసే జరుగుతుంది, ఇంటి విషయాలు అందరి ముందూ చెప్పుకోవాలేమో అన్న బెంగ వద్దు.

ఎక్కడ వేయాలన్నది మీరు అడగలేదు గానీ, పెళ్లి జరిగిన చోటో, ఇద్దరూ చివరగా కలిసి ఉన్న చోటో, లేదా ఇప్పుడు ఆవిడ ఉంటున్న చోటో వేయొచ్చు. కుదిరితే ఆవిడకి దగ్గరగా ఉండే కోర్టు చూడండి.

ప్రశ్న: అక్కా, మాకు ఆరేళ్ల పాప. ఆయన ఒకేసారి కొంత మొత్తం ఇస్తానంటున్నారు గానీ "ఇకమీదట నేను గానీ నా కూతురు గానీ ఎలాంటి డబ్బూ, ఆస్తీ అడగం" అని రాసి సంతకం పెట్టమంటున్నారు. అలా రాస్తేనే విడాకులకి సంతకం పెడతాడట. నాకు త్వరగా అయిపోతే చాలు అనిపిస్తోంది. రాసేయనా?

జవాబు: వద్దు చెల్లీ. నీ మటుకు నువ్వు భరణం ఒకేసారి తీసుకుని ఇక అడగను అనడం వేరు, అది నీ హక్కు, లెక్క సరిపోయిందనుకుంటే ముగించుకోవచ్చు. కానీ పాప హక్కు పాపది, దాన్ని వదులుకుంటున్నాను అని రాసే అధికారం తల్లికీ లేదు తండ్రికీ లేదు. రాసినా అది పాపని కట్టిపడేయదు, రేపు పాప తరఫున మెయింటెనెన్స్ అడగొచ్చు, తండ్రి ఆస్తిలో వారసురాలిగా తనకి రావాల్సింది మీరు విడిపోయినంత మాత్రాన పోదు. కస్టడీ, పోషణ, చదువు గురించి ఇచ్చిన ఆర్డర్లని పరిస్థితులు మారితే డిక్రీ తర్వాత కూడా మార్చమని అడగడానికి హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్‌లో వీలుంది.

అయితే చెల్లకపోతే రాసేస్తే ఏం పోయింది అంటావేమో. పోతుంది. ఆ వాక్యం కాగితం మీద ఉంటే రేపు నువ్వు అడిగిన ప్రతిసారీ దాన్నే చూపిస్తారు, అది చెల్లదని వాదించుకుంటూ నువ్వు తిరగాలి, ఆ లోపు పాప ఫీజు కట్టాల్సిన నెలలు గడిచిపోతాయి. అసలు పాప పేరుకి ఏమీ లేకుండా పిటిషన్ పెడితే చాలామంది జడ్జిలు అక్కడే ఆపి పాపకి ఏం ఏర్పాటు చేశారు అని అడుగుతారు. అందుకని ఆయనతో ఇలా మాట్లాడి చూడు, నీకిచ్చేది వేరు పాపకిచ్చేది వేరు, పాప వాటా ఎంతో విడగొట్టి తన పేరు మీద బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేద్దాం, మేజర్ అయ్యేదాకా అసలు కదపకూడదు, వడ్డీ మాత్రం చదువుకి వాడాలి అని. చాలామంది తండ్రులు డబ్బు ఇవ్వడానికి కాదు, అది పాపకే చేరుతుందా అన్నదానికి వెనకాడతారు, ఇలా రాస్తే ఆ అనుమానమూ తీరుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి, మీ పుట్టింటి వాళ్లు పెట్టిన బంగారం, నీకొచ్చిన కానుకలు స్త్రీధనం, అవి నీవే. ఆయన ఇస్తానన్న మొత్తంలో వాటిని కలిపి లెక్క చెప్తున్నారేమో చూసుకో. పిటిషన్‌లో నగలు ముట్టాయి అని ఒక్క లైను రాసి వదిలేయకుండా, హారం, గాజులు, వడ్డాణం అని పేరుపేరునా ఏది ఎన్ని గ్రాములో ఒక జాబితా రాయించు, చేతికి అందిన తర్వాతే అందినట్టు సంతకం పెట్టు.

త్వరగా అయిపోతే చాలు అనిపించడం నాకు అర్థమవుతుంది, ఆ మాట నేను కోర్టు వరండాలో ఎన్నోసార్లు విన్నాను. కానీ ఇద్దరి అంగీకారంతో ఫ్యామిలీ కోర్టు ఇచ్చిన డిక్రీ మీద అప్పీలు ఉండదు, ఫ్యామిలీ కోర్టుల చట్టం 19వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. మోసం చేశారనో బెదిరించారనో రుజువు చేయగలిగితే అది వేరే పోరాటం. కాబట్టి ఆలోచించుకోవాల్సిందంతా సంతకానికి ముందే ఆలోచించుకో, ఒక నెల ఆలస్యమైనా ఫరవాలేదు.

ప్రశ్న: మేడమ్, ఫ్లాట్ ఇద్దరి పేరు మీద ఉంది, హోమ్ లోన్ కూడా ఇద్దరి పేరు మీదే. ఫ్లాట్ తనకే వదిలేస్తాను, మిగతా ఈఎంఐలు తనే కట్టుకుంటుంది అని మాట్లాడుకున్నాం. పిటిషన్‌లో ఈ మాట రాస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ, ఇక్కడ మూడో మనిషి ఉన్నాడు, బ్యాంకు. మీ ఇద్దరి ఒప్పందం మీ ఇద్దరి మధ్యే, బ్యాంకు దానికి కట్టుబడి ఉండక్కర్లేదు, కోర్టులో మీరు ఏం రాసుకున్నా లోన్ అగ్రిమెంట్‌లో మీ సంతకం ఉన్నంతకాలం ఆవిడ కట్టకపోతే మీ దగ్గరికే వస్తారు, మీ సిబిల్ స్కోరే పడిపోతుంది. ముందు బ్యాంకుకి వెళ్లి ఆవిడ ఒక్కరి ఆదాయం మీద లోన్ మార్చడానికి ఒప్పుకుంటారా కనుక్కోండి, మిమ్మల్ని కో బారోయర్‌గా, అంటే కలిసి అప్పు తీసుకున్న మనిషిగా, తీసేస్తామని రాతపూర్వకంగా తీసుకోండి. ఒప్పుకోకపోతే లోన్ ఇంకో బ్యాంకుకి మార్చడమో, అమ్మి అప్పు తీర్చి మిగిలింది పంచుకోవడమో చూడాలి. పిటిషన్ వేయకముందే ఇది తేల్చుకోండి.

రెండోది రిజిస్ట్రేషన్. పిటిషన్‌లో ఆ ఫ్లాట్‌ని షెడ్యూలుతో సహా చూపించి దాని మీద కూడా ఆర్డర్ అడిగితే ఒక రకం, పిటిషన్‌లో ఎక్కడా లేని ఆస్తిని రాజీలో ఇరికిస్తే ఇంకో రకం, రెండో రకంలో ఆ డిక్రీని రిజిస్టర్ చేయించుకోవాల్సి వస్తుంది. ఏ గొడవా లేని దారి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మీ వాటా ఆవిడకి రిలీజ్ డీడ్ (వాటా వదులుకునే పత్రం) గానీ గిఫ్ట్ సెటిల్‌మెంట్ గానీ రాసివ్వడం. భార్యాభర్తలుగా ఉండగా రాస్తే స్టాంపు డ్యూటీ ఒకలా, విడాకుల తర్వాత రాస్తే ఇంకోలా పడొచ్చు, కాబట్టి ఏది ముందు ఏది తర్వాత అన్నది డాక్యుమెంట్ రైటర్‌నీ మీ లాయర్‌నీ కూర్చోబెట్టి నిర్ణయించుకోండి. ఆ డీడ్ ఏ తేదీలోపు చేస్తారో పిటిషన్‌లో రాయండి. డిక్రీ వచ్చాక చూద్దాంలే అని వదిలేస్తే తర్వాత ఆవిడ ఫోన్ మీరు ఎత్తరు, మీ ఫోన్ ఆవిడ ఎత్తదు, ఫ్లాట్ ఏళ్లతరబడి అలాగే ఇద్దరి పేరు మీద పడి ఉంటుంది.

ప్రశ్న: మేడమ్, మా తమ్ముడి మీద 498ఎ (భార్యని వేధించారన్న) కేసు, డీవీ (గృహహింస) కేసు ఉన్నాయి. ఇప్పుడు రెండు వైపులా రాజీకి వచ్చారు, 13బి వేద్దాం, కేసులు వెనక్కి తీసుకుంటాం అంటున్నారు. డబ్బు మొత్తం ముందే ఇవ్వాలంటున్నారు. ఇచ్చాక అమ్మాయి మనసు మార్చుకుంటే? అమ్మాయి వాళ్లేమో కేసులు తీసేశాక మీరు ఇవ్వకపోతే అంటున్నారు.

జవాబు: ఇద్దరి భయంలోనూ న్యాయం ఉందమ్మా. డిక్రీ వచ్చే నిమిషం దాకా ఇద్దరిలో ఎవరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు అని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది, సెకండ్ మోషన్‌కి రాకుండా ఊరుకున్నా సరే, రాలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అని కోర్టు అనుకోవడానికి లేదు. మాట ఇచ్చి డబ్బు తీసుకుని తప్పితే కోర్టు ధిక్కారం కింద అడగొచ్చు, డబ్బు వాపసు అడగొచ్చు, కానీ బలవంతంగా విడాకులు ఇప్పించలేరు. అందుకే డబ్బు విడతలుగా పెట్టుకోవాలి. మామూలుగా మేం ఎలా చేస్తామంటే, ఫస్ట్ మోషన్ రోజు కొంత, సెకండ్ మోషన్ రోజు కోర్టులోనే కొంత, ఆఖరి భాగం 498ఎ కేసు కొట్టేసిన రోజు. డీడీ తీసి నంబరు, తేదీ, బ్యాంకు పేరు పిటిషన్‌లో రాసి జిరాక్స్ జత చేస్తే అమ్మాయి వాళ్లకీ ధైర్యంగా ఉంటుంది, డీడీకి మూడు నెలల గడువే ఉంటుంది కాబట్టి వాయిదా జరిగితే కొత్తది తీయాలి. మధ్యలో ఎవరు వెనక్కి తగ్గినా అప్పటిదాకా తీసుకున్నది ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలో కూడా ఒక షరతుగా రాయండి.

498ఎ కేసు, అంటే భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్, ఫిర్యాదు చేసినవాళ్లు ఊరికే వెనక్కి తీసుకుంటే పోయేది కాదు. మామూలుగా ఇద్దరూ రాజీపడ్డామని హైకోర్టులో క్వాష్ పిటిషన్, అంటే కేసు కొట్టేయమనే పిటిషన్, వేస్తారు, భార్యాభర్తల గొడవల నుంచి పుట్టిన కేసుల్ని రాజీ అయితే హైకోర్టు కొట్టేయొచ్చని 2003లోనూ 2012లోనూ సుప్రీంకోర్టు తీర్పులున్నాయి. అందుకు అమ్మాయి అఫిడవిట్ కావాలి, గుర్తింపు కోసం రావాల్సి ఉంటుంది, వస్తానని కూడా ఇప్పుడే రాయించుకోండి. డీవీ కేసు ఏ మేజిస్ట్రేట్ కోర్టులో ఉందో అక్కడ విత్‌డ్రా చేసుకోవాలి. ప్రతి కేసు నంబరూ, ఏ కోర్టో, ఎవరు ఎప్పటిలోపు ఏం చేయాలో ఒక్కొక్కటిగా రాయండి, "అన్ని కేసులూ ఉపసంహరించుకుంటారు" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టొద్దు. మీ అమ్మానాన్నల పేర్లు కూడా కేసులో ఉంటే వాళ్ల మీద కూడా కొట్టేయాలని రాయడం మర్చిపోకండి.

ప్రశ్న: నేను విదేశంలో ఉన్నాను, లీవ్ దొరకడం కష్టం. ఇక్కడి కోర్టులోనే ఇద్దరం విడాకులు తీసుకుంటే ఇండియాలో చెల్లుతుందా? లేకపోతే రాకుండా అక్కడ వేయొచ్చా?

జవాబు: హిందూ పద్ధతిలో ఇండియాలో పెళ్లి చేసుకున్నవాళ్ల విదేశీ డిక్రీ ఎప్పుడు చెల్లుతుందో 1991లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది, అవతలివాళ్లు ఇష్టపూర్వకంగా ఆ కోర్టుకి వచ్చి ఒప్పుకున్నారా, మన చట్టంలో ఉన్న కారణం మీదే ఇచ్చారా అన్నవి చూస్తారు. ఇద్దరూ నిజంగా ఒప్పుకుని వెళ్లారంటే ఇబ్బంది తక్కువే, కానీ ఇక్కడ ఆస్తులు ఉన్నాయంటే, మళ్లీ పెళ్లి ఇక్కడే అంటే నేనైతే ఇక్కడే 13బి వేయమంటాను. అన్ని వాయిదాలకీ రావాల్సిన పని లేదు, సరైన కారణం ఉంటే వీడియో కాన్ఫరెన్స్ వాడొచ్చనీ, అమ్మానాన్నలో తోబుట్టువులో తరఫున హాజరు కావొచ్చనీ ఆ 2017 తీర్పులోనే ఉంది. అక్కడి మన కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి, దానికి కోర్టు అనుమతి అడగాలి.

ప్రశ్న: మేము క్రైస్తవులం. మాకూ ఏడాదేనా?

జవాబు: మీకు వర్తించేది 1869 విడాకుల చట్టం, అందులో 10ఎ సెక్షన్, దానిలో రెండేళ్లు విడిగా ఉండాలని ఉంది. స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద రిజిస్టర్ పెళ్లి చేసుకున్నవాళ్లకి మాత్రం ఏడాదే, అది 28వ సెక్షన్. ముస్లిం దంపతులకి ముబారాత్ అని ఇద్దరి ఇష్టంతో విడిపోయే పద్ధతి ఉంది, దాన్ని ధ్రువీకరించమని ఫ్యామిలీ కోర్టుని అడగొచ్చు.

ప్రశ్న: మేడమ్, మాకు పోయిన నెల డిక్రీ వచ్చింది. లాయర్ గారు వాట్సాప్‌లో ఫోటో పంపారు, వివాహం రద్దు చేయడమైనది అని ఉంది. మేం రాసుకున్న బాబు విషయాలు, డబ్బు విషయాలు అందులో కనిపించట్లేదు. అవి ఉన్నట్టేనా?

జవాబు: వెంటనే చూసుకోవాల్సిన విషయం అడిగావమ్మా. చాలా పిటిషన్లలో జరిగేది ఇదే, లోపల ఎక్కడో "ఇరువురూ అన్ని విషయాలూ పరిష్కరించుకున్నారు" అని ఒక పేరా ఉంటుంది, విడిగా ఒక ఎంఓయూ, అంటే ఇద్దరూ రాసుకున్న ఒప్పంద పత్రం, ఉంటుంది, చివర్న కోర్టుని అడిగేదగ్గర మాత్రం పెళ్లి రద్దు చేయండి అని ఒక్కటే ఉంటుంది. కోర్టు అడిగిందే ఇస్తుంది. ముందు ఫోటో మీద ఆధారపడకుండా కాపీ అప్లికేషన్ పెట్టి ఆర్డర్‌దీ డిక్రీదీ రెండింటి సర్టిఫైడ్ కాపీలు తీసుకో. ఆర్డర్ పెద్దగా ఉంటుంది, డిక్రీ ఒకటి రెండు పేజీలే ఉంటుంది, ఆర్డర్‌లో షరతులు ఉండి డిక్రీలోకి ఎక్కకపోయి ఉండొచ్చు. అలా అయితే అది రాతలో జరిగిన తప్పు, సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) 152వ సెక్షన్ కింద సవరించమని అదే కోర్టులో పిటిషన్ వేస్తే సరిచేస్తారు. పేర్ల స్పెల్లింగ్, పెళ్లి తేదీ, బాబు పుట్టిన తేదీ కూడా అప్పుడే ఆధార్ పక్కన పెట్టుకుని చూసుకో, పాస్‌పోర్టు ఆఫీసులో ఒక్క అక్షరం తేడా ఉన్నా వెనక్కి పంపుతారు.

రెండింటిలోనూ షరతులు లేకపోతే, బాబు గురించి హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద ఇద్దరూ కలిసి ఇంకో పిటిషన్ వేయండి, మీ ఎంఓయూలో ఉన్నవే అందులో రాసి ఆర్డర్ అడగండి, ఇప్పటికీ ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు కాబట్టి ఎక్కువ వాయిదాలు పట్టదు. నీ భరణం కోసం 25వ సెక్షన్ ఉంది, డిక్రీ ఇచ్చేటప్పుడే కాదు ఆ తర్వాత కూడా అడగడానికి అందులో వీలుంది. ఆయన ఇప్పుడు బాగానే పంపుతున్నారు కదా అని ఆగకు, ఈ నెలలోనే మీ లాయర్ దగ్గరికి ఎంఓయూ కాపీ, సర్టిఫైడ్ కాపీలు తీసుకుని వెళ్లు. ఆయన్ని కూడా రమ్మను.